తల దగ్గర చోటు

నుకుఅలోఫా,
1974 మార్చి 6, బుధవారం.

మరదలు పిసీలాకు,

నువ్వూ, నీ కూతురు లైనీ దేవుడి దయవల్ల ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. తమ్ముడు సెమీసి పోయిన సంగతి శనివారం నాడు తెలిసింది. నీకు కలిగిన ఈ నష్టానికి నేనూ, మీ అన్నయ్య ఫిలిమోనె, మా చర్చి పెద్దలూ అందరం విచారిస్తున్నాం. దేవుడు నీకు ఓర్పు ఇవ్వాలి.

తుఫాను మూలంగా సోమవారం మీ దీవికి రావాల్సిన ఓడ కదల్లేదు. ఈ శుక్రవారం కూడా కదలదంటున్నారు. పదో రోజుకైనా నేను రాగలనని అనుకోవడం లేదు. జరగాల్సినవి పెద్దలను అడిగి జరిపించు. దుఃఖానికి గుర్తుగా మీ ఇద్దరి జుట్టు కత్తిరించే పనికి మాత్రం ఎవరూ తొందరపడకూడదు. అది నేను చేయాల్సిన పని.

ఇక్కడ గాలికి పక్కింటివాళ్ళ పనసచెట్టు మా దడి మీద పడింది. వాళ్ళు వచ్చి తీస్తామన్నారు, రాలేదు. రెండు కోళ్ళు కనిపించడం లేదు.

మీ టెలిగ్రాం శనివారం మూడు గంటలకు నా చేతికి వచ్చింది. అంతకుముందే పన్నెండున్నరకు రేడియోలో చావు కబుర్లతో పాటు చదివేశారు. అప్పుడు నేను పెండలం చెక్కు తీస్తున్నాను. ముందు ఎవరో హాపై దీవి ముసలాయన పేరు చదివారు. తరవాత నా తమ్ముడి పేరు. "హొలొఫా ఊరి సెమీసి, భార్య పిసీలా, కూతురు కలొలైనె" అన్నారు. అక్క పేరు చదవలేదు. నా పేరు పెట్టుకున్న పిల్ల పేరు వినిపించి, ఒక్క క్షణం నన్నే అంటున్నారనుకున్నాను.

ఓడలు కదిలాక ఈ ఉత్తరం చేరుతుంది.

ఇట్లు,
కలొలైనె


హొలొఫా, వవావు దీవి,
మార్చి 20.

పూజ్యులైన కలొలైనె వదినగారికి పిసీలా నమస్కరించి రాస్తున్నది.

మీ ఉత్తరం నిన్న అందింది. చదివి, వెనక్కి తిప్పి చూశాను. ఇంకేమైనా ఉందేమోనని. లైనీ కవరు కూడా చింపి లోపల వెతికింది.

తప్పుగా అనుకోకండి వదినా. నుకుఅలోఫాలో ఎవరింట్లో చావు జరిగినా ముందు మిమ్మల్నే పిలుస్తారని మాకు తెలుసు. మా ఊరి నుంచి అక్కడికి కాపురానికి వెళ్ళిన తోఆఫాకు పసిబిడ్డ పోయినప్పుడు మీరు అన్న మాటలు ఆమె కాగితం మీద రాయించుకుని బైబిల్లో పెట్టుకుంది. పోయినేడు వచ్చి నాకు చదివి వినిపించింది. విని నేనూ ఏడ్చాను. మీ ఉత్తరం వస్తే నాకూ అలాంటి మాటలు దొరుకుతాయని కాచుకు కూర్చున్నాను. కోళ్ళు దొరికాయా?

ఆయన ఎలా పోయారో మీకు చెప్పాలి. పోయే ముందు వారమంతా ఛాతీ బిగపట్టినట్టుంది అంటూనే తోటకు వెళ్ళారు. మార్చి ఒకటో తేదీ శుక్రవారం తెల్లవారుతుండగా లేచి కూర్చుని, "నారింజాకు టీ పెట్టవే" అన్నారు. పెట్టి ఇచ్చాను. ఒక గుక్క తాగి "నాలుక కాల్చావు, దీనికి పగ తీర్చుకుంటాను చూడు" అని నవ్వి నా భుజానికి ఆనుకున్నారు. బరువుగా ఆనుకున్నారు. ఆటకు చేస్తున్నారనుకుని "లెండి, లెండి, ఎండెక్కుతోంది" అన్నాను. అంతే వదినా. ఎవరి పేరూ తలుచుకునేంత వ్యవధి దొరకలేదు.

టెలిగ్రాం ఆలస్యమైనందుకు క్షమించండి. గాలికి తీగ తెగిపోయింది అన్నారు నెయాఫు రేవు పోస్టాఫీసులో.

శనివారం సాయంత్రానికి మట్టి చేశాం. మీరు రాలేదు కాబట్టి, అక్క కూర్చోవాల్సిన తల దగ్గర చోటులో మీ చిన్నాన్నగారి కూతురు వైమోఆన కూర్చుంది. ఆమెకు మోకాలు వాపు, అయినా పొద్దుటి నుంచి లేవలేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు. ఆయన చెంప మీద చెయ్యి వేసి అలాగే ఉంది. ఆచారం ప్రకారం వచ్చిన చాపలూ బెరడు బట్టలూ ఆమెకే ఇచ్చారు. పదో రోజున జుట్టు కూడా ఆమే కత్తిరించింది. అప్పటికి మీ ఉత్తరం అందలేదు, ఆగమన్నా పెద్దలు ఆగలేదు. నాదీ, లైనీదీ చెవుల దాకా కత్తిరించింది. లైనీ అద్దం చూసుకుని "నాన్నలాగున్నాను" అంది.

వెనిలా తోటలో కాయలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. ప్రతి పువ్వుకూ ఆయన చేత్తో పుప్పొడి అంటించిన కాయలు. మనిషి వెళ్ళిపోయినా అవి ముదురుతూనే ఉన్నాయి. పొద్దున్నే వెళ్ళి చూసి వస్తున్నాను. ఏం చేయాలో తెలియక చూసి వస్తున్నాను.

అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.

మీ మరదలు,
పిసీలా


నుకుఅలోఫా,
మార్చి 29, శుక్రవారం.

పిసీలా,

నీ ఉత్తరం చదివాను. నాలుగుసార్లు చదివాను. "నాలుక కాల్చావు" దగ్గర ప్రతిసారీ ఆగాను.

నువ్వు కాచుకు కూర్చున్న మాటలు నా దగ్గర లేవు. వందమంది ఇళ్ళలో మాట్లాడాను, నిజమే. ఆ ఇళ్ళకు వెళ్ళేముందు మా పెరటి బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటేనే మాటలు వచ్చేసేవి. నీకు రాయడానికి కూర్చుంటే ఒక్కటీ రాలేదు. ఎందుకు రాలేదో చెప్తాను విను.

ఆ శనివారం నుంచి మా చర్చిలో కనపడ్డవాళ్ళంతా నన్ను ఒకటే అడుగుతున్నారు. "మీ మరదలు ఎలా ఉంది పాపం? ఆ పిల్ల ఎలా ఉంది?" పాస్టరుగారి భార్య రెండు చేతులూ పట్టుకుని అదే అడిగింది. ఒక్కరంటే ఒక్కరు కూడా "కలొలైనె, నువ్వెలా ఉన్నావు?" అనలేదు. నేను చావు ఇళ్ళలో మాట్లాడేదాన్ని కదా, నాకు చావులు అలవాటనుకున్నారు కాబోలు. వాళ్ళు నీ గురించి అలా మెత్తగా అడుగుతుంటే నాకు ఒళ్ళు మండింది. రాయకూడని మాటే, రాశాను.

నాకు పన్నెండేళ్ళు దాటాక తమ్ముడు నాతో ఒక కప్పు కింద పడుకోలేదు. నా ఎదుట పరాచికం ఆడలేదు. మన దగ్గర అక్కాతమ్ముళ్ళు అలాగే ఉండాలి, ఉన్నాం. వాడి నవ్వు నేనెప్పుడూ గోడ అవతల నుంచే విన్నాను. నువ్వు ఇరవయ్యొక్క ఏళ్ళు ఎదురుగా కూర్చుని విన్నావు. నాకు మిగిలింది ఒక్కటే. వాడు పోతే తల దగ్గర కూర్చోవడం. అప్పుడైనా వాడి ముఖం చేత్తో తడమవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. అదీ లేకుండా పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. మా పోస్టాఫీసులో తీగల దగ్గర పనిచేసే మనిషి మా పాటల బృందంలోనే పాడతాడు. అడిగాను. "తీగా? శుక్రవారం బంగారంలా ఉంది అమ్మా. సోమవారం గానీ తెగలేదు. మీ కబురు వాళ్ళు ఇచ్చిందే శనివారం పదింటికి" అన్నాడు. శుక్రవారం పొద్దున ఇచ్చి ఉంటే సాయంత్రం ఓడ ఎక్కేదాన్ని. శనివారం మధ్యాహ్నానికి అక్కడ ఉండేదాన్ని. నేను వస్తున్నానంటే ఎవరూ మట్టి చేసేవాళ్ళు కాదు.

కాగితం పట్టుకుని నెయాఫు వెళ్ళింది ఎవరు? నువ్వు ఏడుస్తూ ఇంట్లో ఉన్నావు, నీకు తెలియదు. నాకు తెలుసు. వైమోఆన. మంచినీళ్ళు కూడా తాగలేదట! ఎందుకు తాగుతుంది, లేస్తే ఆ చోటు పోతుందని భయం. చిన్నప్పటి నుంచీ అంతే. నాకు కొత్త గౌను కుట్టిస్తే దానికీ కావాలి. నా తమ్ముడు నాకు చేప తెస్తే దానికీ ఒకటి ఇవ్వాలి. ఇన్నాళ్ళకు నా చోటులో కూర్చుని, నా చాపలు పట్టుకుపోయి, నా పిల్ల జుట్టు కత్తిరించింది.

జూన్‌లో చర్చి మహాసభకు అన్ని దీవుల ఆడవాళ్ళూ ఇక్కడికి వస్తారు. అదీ వస్తుంది. అందరి ముందూ లేచి నిలబడి అడుగుతాను. తరవాత అది ఏ ఇంట్లో ఏ చాప మీద కూర్చుంటుందో చూస్తాను.

ఇంకొకటి. లైనీని నా దగ్గరికి పంపు. నా పేరు పెట్టుకున్న పిల్ల, నా తమ్ముడి ముఖం పెట్టుకున్న పిల్ల. ఇక్కడి బడిలో చేరుస్తాను. మేనత్తగా అడుగుతున్నాను, ఎదురు చెప్పవనుకుంటాను.

ఒక కోడి దొరికింది. రెండోది చచ్చింది.

కలొలైనె


హొలొఫా,
ఏప్రిల్ 6.

వదినగారికి,

ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను. మీరు వైమోఆనను ఏమీ అనకండి. మహాసభలో లేవకండి. ఆమె నెయాఫు వెళ్ళలేదు. ఆ మోకాలితో ఆమె చర్చి మెట్లే ఎక్కలేదు. కాగితం నా దగ్గర ఉంది.

శుక్రవారం పొద్దున పాస్టరుగారు టెలిగ్రాం మాటలు రాసి "ఎవరి చేత పంపించను?" అని అడిగారు. "నేనే వెళ్తాను, ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతుంది" అన్నాను. అందరూ సరేనన్నారు. కాగితం మడిచి, నడుముకు చుట్టుకున్న చాపలో దోపుకుని బయల్దేరాను. నెయాఫు కొండ మలుపు దాకా వెళ్ళాను. అక్కడ నుంచి రేవు కనిపిస్తుంది. రాయి మీద కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. లేచి వెనక్కి వచ్చేశాను. "పంపావా?" అని వైమోఆనే అడిగింది. "పంపాను" అన్నాను.

మర్నాడు పది గంటలకు పంపాను. అప్పటికి మీకు ఓడ దాటిపోయిందని తెలుసు. మట్టికి అందరనీ తెలుసు. తెలిసే చేశాను వదినా. సోమవారం ఓడకు వస్తారు, పది రోజులూ సమాధి దగ్గర ఉంటారు, జుట్టు మీరే కత్తిరిస్తారు, అంతవరకే నేను తీసుకుంటున్నది అనుకున్నాను. తుఫాను వస్తుందని నాకు తెలియదు. ఆ ఒక్కటి నమ్మండి.

ఎందుకు చేశానంటే, మీరు వస్తే నేను పక్కకు జరగాలి. పెళ్ళయిన నాటి నుంచీ జరుగుతూనే ఉన్నాను. తొలి పెండలం మీకు. పెద్ద పంది మీకు. నేను ఎనిమిది నెలలు కూర్చుని అల్లిన సన్నచాప, కళ్ళు మండుతుంటే అల్లింది, మీ ఆడపడుచు పెళ్ళికి మీకు. లైనీ పుట్టినప్పుడు ఆయన బిడ్డ ముఖం సరిగ్గా చూడనైనా చూడలేదు. "అక్కను పేరు అడిగి వస్తాను" అని మీకు టెలిగ్రాం ఇవ్వడానికి నెయాఫుకు పరిగెత్తారు. నేను తొమ్మిది నెలలూ ఒక పేరు అనుకుని ఉన్నాను. ఆ పేరు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరు "నా పేరే పెట్టండి" అని కబురు చేశారు.

గోడ అవతల నుంచి నవ్వు విన్నానని రాశారు. ఆ గోడకు ఇవతల ఉన్నదాన్ని నేను. మీ ఉత్తరం వచ్చిన రోజున ఆయన నన్ను పలకరించేవారు కాదు. చదివి, మడిచి, మళ్ళీ తీసి చదివి, తోటలోకి వెళ్ళిపోయేవారు. "ఏం రాశారు?" అంటే "అక్క" అనేవారు. అంతే. అక్క. మీరంటే ఆయనకున్న గౌరవంలో వందోవంతు నా మీద ఉంటే చాలుననిపించేది. నవ్వు నాకిచ్చారు, నిజమే. మిగతాదంతా మీకిచ్చారు.

అందుకని ఒక్క రోజు. శుక్రవారం పగలు ఒక్కటీ. పాస్టరుగారితో "శనివారం దాకా ఆమె రాదు, నేను కూర్చుంటాను" అని చెప్పి తల దగ్గర నేనే కూర్చున్నాను.  వైమోఆన బయట కూర్చుని వచ్చినవాళ్ళను కాసేపు ఆపింది. నేను ఆయన ముఖానికి కొబ్బరినూనె రాశాను. చెవి వెనక ఒక చిన్న మచ్చ ఉంది, అది ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. శనివారం వైమోఆన వచ్చి కూర్చుంటే లేచి కాళ్ళ దగ్గరికి వెళ్ళాను.

తీగ తెగిందని మీకు అబద్ధం రాశాను. ఇప్పుడు నన్ను మహాసభలో నిలబెట్టి అడగండి. వస్తాను.

లైనీ సంగతి మీ ఇష్టం. మేనత్త అడిగితే కాదనే నోరు నాకు లేదు. కానీ నాకు ఉన్నది అది ఒక్కతే అని మీకు తెలుసు.

పిసీలా


నుకుఅలోఫా,
ఏప్రిల్ 15.

పిసీలా,

నీ ఉత్తరం అందింది. వైమోఆనకు క్షమించమని రాశాను, దాన్ని అనుమానించినందుకు. ఎందుకు అనుమానించానో, అసలు చేసిందెవరో రాయలేదు. అది నీకోసం దాచలేదు. మా ఇంటి పరువు కోసం.

మే 11 శనివారం తిరుగు ఓడకు లైనీని ఎక్కించు. రేవుకు మీ అన్నయ్య వస్తారు.

నువ్వు నాకు ఇక ఉత్తరాలు రాయనక్కర్లేదు.

కలొలైనె


హొలొఫా,
ఏప్రిల్ 22.

వదినగారికి,

రాయవద్దన్నా రాస్తున్నాను. పిల్ల గురించి చెప్పకుండా ఎలా పంపను?

లైనీ పదకొండో తేదీ ఓడకు వస్తుంది. దానికి చేమాకులో కొబ్బరిపాలు పోసి గుంతపొయ్యిలో వండితే ఇష్టం, మాంసం ఎక్కువైతే తినదు. ఓడలో వాంతి చేసుకుంటుంది. దిగగానే ఏమీ పెట్టకండి. లెక్కలు బాగా చేస్తుంది, చేతిరాత ఘోరం. కోపం వస్తే మాట్లాడదు, రెండు రోజులైనా మాట్లాడదు. బతిమాలకండి. పక్కన కూర్చుని ఏదో ఒక పని చేసుకుంటూ ఉంటే తనే మొదలుపెడుతుంది. జుట్టు ఇంకా పొట్టిగానే ఉంది, దువ్వనివ్వదు.

వెళ్ళాలని చెప్పినప్పుడు ఏడుస్తుందనుకున్నాను. "అత్త ఇంట్లో రేడియో ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. పెట్టె సర్దేసుకుంది. తొందర తొందరగా సర్దేసుకుంది. నాకు అది చూసి కలిగిన బాధ ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు, మీకు తెలుసు.

వైమోఆన నిన్న వచ్చింది. మీరు రాసిన క్షమాపణ చూపించింది.  మోకాలికి ఆకు కట్టించుకుని చాలాసేపు కూర్చుంది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఆ శుక్రవారం నీ నడుములో కాగితం అంచు కనపడిందే పిసీలా. నెయాఫు నుంచి వచ్చాక కూడా కనపడింది" అంది. అని వెళ్ళిపోయింది. అంటే ఆమెకు మొదటి నుంచీ తెలుసు వదినా. అందుకే బయట కూర్చుని అందరినీ ఆపింది.

ఇప్పటిదాకా నా ఇంటికి ఎంతో మంది వచ్చి ఎన్నో మాటలు చెప్పారు. మంచి మాటలే. ఒక్కటీ గుర్తులేదు. ఆమె అన్న ఆ మాట మాత్రం మరుపు రావడం లేదు. అది ఓదార్పో కాదో కూడా నాకు తెలియదు.

మీకు ఉత్తరం రాయడం ఇదే ఆఖరు. ఒక్కటి మాత్రం అడుగుతాను. లైనీ మీ ఇంట్లో సంతోషంగా ఉంటే ఉందని రాయించండి. మిమ్మల్ని చూసి వాళ్ళ నాన్నలా నవ్వితే మాత్రం అది నాకు రాయకండి.

పిసీలా


నుకుఅలోఫా,
మే 2, గురువారం.

పిసీలా,

లైనీని ఓడ ఎక్కించకు. పెట్టె సర్దుకుంటే విప్పించు. రేడియో కావాలంటే ఇక్కడిది పంపిస్తాను, మీ అన్నయ్యకు చెవులు ఎలాగూ సరిగా వినపడవు.

కోపం పోయి రాస్తున్నాననుకోకు. ఉంది. కొండ మలుపులో రాయి మీద కూర్చున్న నిన్ను తలుచుకున్నప్పుడల్లా ఉంది. అయితే నీ ఉత్తరం వచ్చిన దగ్గర నుంచీ నాకు ఇంకొకటి నిద్ర పట్టనివ్వడం లేదు. దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. ఫిలిమోనెకు చెప్పలేదు, ప్రార్థనలో కూడా చెప్పలేదు. ఎదురుగా నిలబడి నీకు చెప్పే ధైర్యం లేదు గనుక ముందు రాసి పంపుతున్నాను.

యాభై రెండో సంవత్సరం, ఏప్రిల్ నెల. తమ్ముడు వవావులో మూడు నెలలు కొబ్బరి పనికి ఉండి తిరిగి వచ్చాడు. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి లోపలికి రాలేదు. గుమ్మానికి వీపు పెట్టి పెరట్లో నిలబడ్డాడు. నేను లోపల చాప మీద కూర్చుని చేప పొలుసు తీస్తున్నాను. తలుపు తెరిచే ఉంది. అక్కతో ఆడపిల్లల ఊసు ఎత్తకూడదు కదా, అందుకని మా పందితో మొదలుపెట్టాడు.

"ఓయ్ పందీ, తినడం ఆపి విను. నీకో సంగతి చెప్పాలి. వవావులో ఒక పిల్ల ఉంది. పేరు పిసీలా."

నేను కత్తి ఆపాను. వాడు గొంతు పెంచాడు, నాకు సరిగ్గా వినపడాలని.

"పదిమంది ఆడవాళ్ళు కూర్చుని చాపలు అల్లుతుంటే నేను కొబ్బరి మోసుకుని అటుగా వెళ్ళాను. ఆ పిల్ల నన్ను చూసి వరస తప్పింది. విప్పి మళ్ళీ అల్లింది. నేను మళ్ళీ అటే వచ్చాను. మళ్ళీ తప్పింది. మూడోసారి వచ్చేసరికి ఏమందో తెలుసా పందీ? 'ఏమయ్యో కొబ్బరికాయలాయనా, నీకు వేరే దారి లేదా? నా చాప పాడు చేయడానికే పుట్టావా?' అంది. అందరూ నవ్వారు. తను నవ్వలేదు. నిజంగానే కోప్పడింది. నాకు ఇరవై నాలుగేళ్ళు వచ్చాయి పందీ, మా అమ్మ పోయాక ఎవరూ నన్ను అంత ప్రేమగా తిట్టలేదు. ఆ మనిషి రోజూ తిడుతుంటే వింటూ ముసలాణ్ణి అయిపోవాలని ఉంది. ఈ ఇంట్లో పెద్దవాళ్ళకు ఇష్టమైతే ఒక్కసారి దగ్గితే చాలు. వచ్చే ఓడకు వెళ్ళి వాళ్ళ నాన్నను అడుగుతాను."

దగ్గితే చాలు పిసీలా. నాకు దగ్గు రాబోయింది కూడా. మింగేశాను. మా అమ్మ పోయాక వాణ్ణి నేను పెంచాను. వాడు మాట్లాడే ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. అలా ఒకరి గురించి వాడు మాట్లాడతాడని నాకు తెలియదు. నేను ఎవరితోనో అన్నట్టు గట్టిగా అన్నాను. "వంటిల్లు కూలిపోయేట్టుంది, కట్టేవాళ్ళు లేరు."

 వాడు పంది వీపు మీద చెయ్యి వేసి "సరే" అన్నాడు. నాతో కాదు, పందితోనే.

మూడు నెలల్లో వంటిల్లు కట్టాడు. నేను దడి అన్నాను. దడి అయ్యాక నీళ్ళ తొట్టి అన్నాను. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. ఇంక చెప్పడానికి పని దొరక్క, ఒక రోజు దగ్గాను. ఆ మర్నాడే ఓడ ఎక్కాడు.

ఆ ఏడాదంతా నువ్వు ఏమనుకున్నావో నేను అడగలేదు. కొబ్బరికాయలాయన మరిచిపోయాడనుకుని ఉంటావు. ఆలస్యానికి కారణంగా వాడు నీకు నా పేరు చెప్పి ఉండడు. చెప్పే మనిషి కాదు.

నువ్వు నా దగ్గర ఒక రోజు తీసుకున్నావు. నేను నీ దగ్గర ఏడాది తీసుకున్నాను. వాడు ఉండగా తీసుకున్నాను. నవ్వే రోజులు తీసుకున్నాను. తీగ తెగిందని నువ్వు ఒక నెల దాచలేకపోయావు. నేను ఇరవై రెండేళ్ళు దాచాను. అది చాలక పిల్లను కూడా అడిగాను.

నీకు ఓదార్పు మాటలు రాయమన్నావు. ఇప్పటికీ నా దగ్గర లేవు. పైన రాసినవి వాడి మాటలు. నీ గురించి వాడు అన్నవి, నీకు చేరాల్సినవి. నాతో అన్నవి కాకపోయినా నేనే దాచుకున్నాను. చావు ఇళ్ళలో నేను అందరికీ ఎన్నో మాటలు పంచాను. ఇవి మాత్రం పంచబుద్ధి కాలేదు. ఇప్పుడు తీసుకో.

మే పదో తేదీ శుక్రవారం ఓడకు నేనే వస్తున్నాను. నాకూ ఓడలో వాంతులే, దిగగానే ఏమీ పెట్టకండి. వైమోఆన మోకాలికి నూనె తెస్తున్నాను. వచ్చాక నువ్వు ఆ చెవి వెనక మచ్చ గురించీ, మిగతా అన్నిటి గురించీ చెప్పాలి. వాడు పొద్దున్న ఏ పక్కకు తిరిగి లేచేవాడు, ఏ కూరకు పేచీ పెట్టేవాడు, నిన్ను కోపంలో ఏమని పిలిచేవాడు. ఒకటీ వదలకు. వింటుంటే నాకు అసూయ కలుగుతుంది. ముఖంలో కనపడుతుంది కూడా, దాచుకోవడం నాకు చేతకాదు.

అది చూసి ఆగిపోకు. చెప్తూనే ఉండు.

నీ వదిన,
కలొలైనె